అరవలేనివాళ్లే ముందు

హమాలీ ఆసుపత్రి వరండా బెంచీ మీదే పోయాడు. గోడ అవతల ఆక్సిజన్ మంచం ఖాళీగానే ఉంది. మిల్లు యజమాని బావమరిది వస్తాడని సూపరింటెండెంటు దాన్ని అలాగే ఉంచమన్నాడు. పెద్ద సిస్టర్ వెళ్లి బతిమాలినా తలెత్తలేదు.

"ఆ మంచం ఎవరికమ్మా?" హమాలీ భార్య అడిగింది. సిస్టర్ శవం మీద దుప్పటి కప్పి, తోటివాళ్లని పిలవడానికి వెళ్లింది.

భోజనాల గదిలో సిబ్బంది అందరూ చేరారు.

"నోరు మూసుకుంటే ఉద్యోగమన్నా మిగుల్తుంది," అన్నాడు స్ట్రెచర్ తోసే బాబాయి.

"నీకు ఉద్యోగం, ఆవిడకి శవం!" ఊడ్చే అక్క విరుచుకుపడింది. "పని మానేద్దాం."

"మానేస్తే చచ్చేది మనవాళ్లే," అంది సిస్టర్. "పని మానొద్దు. పైవాళ్ల మాట వినడం మానేద్దాం. ఎవరి ప్రాణం మీదికొస్తే వాళ్లే ముందు."

"మంచం ఎవరికో నేను చెప్తాను. నా మాట మీద నిలబడతారా?" అంది కుర్ర డాక్టరమ్మ.

బాబాయి తల దించుకున్నాడు.

సాయంత్రం కారూ ఆటో ఒకేసారి వచ్చాయి. కారులో బావమరిది. మడమ బెణికి, కప్పు ఎగిరిపోయేలా కేకలు. ఆటోలో మిల్లులో దూది ఏకే ఆడమనిషి. పెదాలు నీలం, చేతులు మంచు. ఒక్కో ఊపిరికీ మెడ కండరాలు లాక్కుపోతున్నాయి. పేరడిగితే సగంలోనే ఆగిపోయింది.

"అరిచేవాడికి ఊపిరుంది. ఈవిడకి లేదు. లోపలికి పదండి!" అంది డాక్టరమ్మ. "ఆయన్ని కూర్చోబెట్టి కాలికి ఐసు పెట్టండి."

సూపరింటెండెంటు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "కదిపారో, ఒక్కొక్కడి ఉద్యోగం ఊడబీకుతా!"

స్ట్రెచర్ ముందుకే వచ్చింది. తోస్తున్నది బాబాయే. "తప్పుకోండి సార్. చక్రం కాలెక్కితే మీకూ ఐసు పెట్టాలి."

ఆయన తప్పుకున్నాడు.

మాస్కు పెట్టారు. మందు ఎక్కించారు. నీలం మెల్లగా వదిలింది. ఆవిడ కళ్లు తెరిచి సిస్టర్ వేలు పట్టుకుంది. అప్పుడే, సిబ్బందిని రెచ్చగొట్టిందని సూపరింటెండెంటు ఫోన్ చేయడంతో, పోలీసులు వచ్చి సిస్టర్ రెక్క పట్టుకున్నారు.

"నేను వెళ్తా. ఆవిడ ఊపిరి మీద కన్నేసి ఉంచండి," అని సిస్టర్ జీపెక్కింది.

గేటు దగ్గర జీపు ఆగిపోయింది. శవం కోసం వచ్చిన హమాలీలంతా దారికడ్డంగా కూర్చున్నారు. ముందు వరసలో హమాలీ భార్య. మిల్లు షిఫ్టు వదిలిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు.

"లేవండి! లాఠీ లేస్తుంది!" అని పోలీసులు అరిచారు.

ఎవరూ కదల్లేదు.

ఇంతలో వీధి మలుపులో హారన్ మోగింది. ఎవరినో పడుకోబెట్టుకుని ఆటో దూసుకొస్తోంది. హమాలీలు చటుక్కున లేచి పక్కకి తప్పుకున్నారు. ఆటో లోపలికి పోయింది.

వెంటనే మళ్లీ కూర్చున్నారు, ఈసారి ఇంకా దగ్గరదగ్గరగా.