దగ్గడం మానేసిన ఇల్లు

ఆ వీధిలో పాలవాడికంటే ముందు ఇళ్లు దగ్గుతాయి. చివరి ఇల్లు పొడిగా రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది. లాండ్రీ మీది మేడ గొంతు సవరించుకుంటుంది. మధ్యలో ఉన్న పచ్చ తలుపుల ఇల్లు మాత్రం మొదలుపెట్టిందంటే ఓ పట్టాన ఆపదు. గిన్నెలు గలగలమంటాయి, సున్నం రాలి కాఫీలో పడుతుంది. "ఇవాళ మీదే ముందు లేచినట్టుందే!" అని పక్కింటివాళ్లు పలకరిస్తారు. తర్వాత ఎవరి పని వాళ్లది.

పచ్చ తలుపుల ఇంట్లో బట్టలు కుట్టే తల్లి, ఆవిడ కూతురు ఉండేవాళ్లు. పిల్లకి ఉబ్బసం. అయినా పరుగులో బడి మొత్తంలో దాన్ని పట్టేవాళ్లు లేరు, అందుకే అందరూ బుల్లెట్ అనేవాళ్లు. బడుల మధ్య జరిగే రిలే పరుగుపందెంలో ఆఖరి చుట్టు తనకే కావాలని దాని ప్రాణం కొట్టుకుంటోంది. పంపితే ఏమవుతుందోనని తల్లి ప్రాణం కొట్టుకుంటోంది.

ప్రతి శనివారం ఆ వీధి పిల్లల్నీ తల్లుల్నీ పోగేసి ఉబ్బసం పాఠాలు చెప్పే ఆవిణ్ని ఊపిరక్క అంటారు. ఆవిడదీ ఆ వీధే. ఏ ఇన్‌హేలర్ పంపు రోజూ పీల్చాలో, ఏది ఆయాసం వచ్చినప్పుడు గొట్టం తగిలించి పీల్చాలో, దుమ్మూ చెమ్మా ఎక్కడ దాక్కుంటాయో ఆసుపత్రివాళ్ల దగ్గర నేర్చుకొచ్చింది. పనిలో పనిగా గోడలకి చెవి ఆనించి ఇళ్ల బాగోగులూ చూస్తుంది.

"రోజూ పంపు మానకుండా వాడితే నిక్షేపంగా పరుగెత్తుతుందమ్మా" అంది ఊపిరక్క.

తల్లికి నమ్మకం కుదరలేదు. "ముందు మన ఇల్లు దగ్గడం ఆపనీ, అప్పుడు చూద్దాం" అంది కూతురితో. ఆ మాటే కొంప ముంచింది.

తల్లి కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లగానే బుల్లెట్ నిచ్చెనెక్కింది. మిషను కింద పోగుపడ్డ గుడ్డపీలికలన్నీ కిటికీల పైనున్న గాలికన్నాల్లో కుక్కింది. వంటింటి పొగగొట్టంలోకి పాత దిండు తోసింది. ఇల్లు కాస్త గునిసింది, రెండు ఎక్కిళ్లు పెట్టింది, చప్పబడిపోయింది.

మర్నాడు కాఫీలో సున్నం పడలేదు! తల్లి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పక్కింటి లాండ్రీ బాబాయ్ అయితే గుమ్మంలోకే వచ్చేశాడు. "బతికించారమ్మా! మీ ఇంటి దగ్గుకి నా ఇస్త్రీ మడతలు నిలిచేవి కావు."

ఇల్లే బాగుపడ్డాక పిల్లకేంలే అనుకుని తల్లి రోజూ వాడే పంపు అలమరలో పెట్టేసింది. పందేనికి సరేనంది. బుల్లెట్ గంతులు వీధి చివరిదాకా వినిపించాయి. ఆ వారమంతా వీధికి అదే కబురు. లారీ మాట్లాడారు, డప్పు తెచ్చారు, ఈలలు పంచారు.

పందెం రోజు పొద్దున్నే అందరూ పచ్చ తలుపుల ముందు చేరి ఒకటే గోల. ఊపిరక్క అలవాటుగా గోడకి చెవి ఆనించింది. మొహం మారిపోయింది.

"ఇదెప్పట్నుంచి ఇలా ఉంది?"

"వారమైందక్కా! పూర్తిగా తగ్గిపోయింది!" అంది తల్లి.

"తగ్గడమేంటి తల్లీ? దగ్గాలన్నా గాలి ఆడాలి కదా. దీనికి అసలు గాలే ఆడట్లేదు."

తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. తెల్లవారుజామున కూతురి ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. ఇందాక జడ వేస్తుంటే వినిపించలేదు, తగ్గిపోయాయని మురిసిపోయింది కూడా. గిర్రున వెనక్కి తిరిగింది.

బుల్లెట్ బూట్లు వేసుకుని గుమ్మం పట్టుకు నిలబడి ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. గొంతు కింద గుంట పడుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"నేను... బానే..." అంది. ఆ పైన మాట రాలేదు.

"ఆయాసం పంపు! గొట్టం కూడా!" అని తల్లే అరిచింది, తనే పరుగెత్తి తెచ్చింది. పిల్లని నిటారుగా కూర్చోబెట్టి గొట్టం మూతికి పెట్టింది. శనివారం పాఠం మరిచిపోలేదు. పంపు నొక్కింది, పీల్చనిచ్చింది, ఊపి మళ్లీ నొక్కింది. లాండ్రీ బాబాయ్ అంబులెన్సువాళ్లకి ఫోన్లో దారి చెబుతున్నాడు. బుల్లెట్ కళ్లనీళ్లతో వేలెత్తి గాలికన్నాలు చూపించింది.

"అయ్యో పిచ్చిపిల్లా! ఎక్కండ్రా పైకి!" అని ఊపిరక్క కేకేసింది. డప్పు కిందపడింది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి పీలికలు పీకారు. ఆఖరున దిండు ఊడొచ్చింది. గోడలు గాలి లోపలికి లాక్కున్నాయి, కర్టెన్లు ఎగిరాయి, ఇల్లు వీధి అదిరేలా దగ్గింది.

తల్లి మాత్రం కూతురి ఛాతీ మీంచి చెవి తియ్యలేదు. ఇంకో నొక్కు, ఇంకో ఊపిరి. అప్పుడు లోపలెక్కడో సన్నగా, కీచుమంటూ ఒక పిల్లికూత మొదలైంది.

"వినిపిస్తోంది! అక్కా, కూత వినిపిస్తోంది!"

"గాలి ఆడుతోంది!" అంది ఊపిరక్క. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఈలలన్నీ ఒక్కసారే మోగాయి. పిల్లికూత విని అంతలా పొంగిపోయిన జనం ఎక్కడా ఉండరు.

అంబులెన్సువాళ్లు వచ్చి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. కూతురి పక్కన ఎక్కి కూర్చున్న తల్లి, తలుపు వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, ఇది మళ్లీ పరుగెత్తాలంటే నేనేం చెయ్యాలి? మొదట్నుంచీ చెప్పు. ఈసారి వింటాను."

బుల్లెట్ నవ్వింది. మాస్కంతా ఆవిరి కమ్మింది.