డాక్టరమ్మ చూసి చెప్పింది

మా చెల్లెలి కూతుర్ని మేం పిచ్చుక అంటాం. ఎనిమిదేళ్ళది. బాబాయి తనని ఏం చేశాడో అది నోరు విప్పి వాళ్ళమ్మకి చెప్పిన రోజు నుంచి ఆ ఇల్లు రెండుగా చీలిపోయింది. ఆ బాబాయిని కన్నతల్లి, అంటే పిచ్చుక నానమ్మ, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఒకటే పాట: "డాక్టరమ్మ ఏమీ లేదంటే ఈ గొడవ ఇక్కడితో ఆపేయాలి." నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మా చెల్లెలి మొహం చూసి నోరు కట్టేసుకున్నాను.

లోపలికి తోడు ఎవరు రావాలో డాక్టరమ్మ పిచ్చుకనే అడిగింది.

"పెద్దమ్మ. అమ్మయితే ఏడుస్తుంది," అంది అది.

డాక్టరమ్మ పొట్టి మనిషి. ఇంకా పొట్టి స్టూలు లాక్కుని పిల్ల ముందు కూర్చుంది. పిల్ల చెప్పినంత విని, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. తర్వాత, "నువ్వు సరే అంటేనే ముట్టుకుంటాను. ఆగు అంటే ఆగిపోతాను. వద్దంటే ఇవాళ్టికి మానేద్దాం," అంది.

పెద్దవాళ్ళు ఇలాంటివి చాలా చెబుతారులే అనుకున్నాను. పిచ్చుకా అదే అనుకున్నట్టుంది. చెవి చూస్తుంటే "ఆగు" అంది. డాక్టరమ్మ చేతులు వెనక్కి తీసేసుకుంది. మోకాలి దగ్గర మళ్ళీ "ఆగు". మళ్ళీ ఆగింది. ఇంకోసారి మాత్రం ఉత్తినే ఆట పట్టించడానికి "ఆగు" అని, కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! బయట ఎంతమంది కాచుకుని ఉన్నా ఆవిడ తొందరపడలేదు. కెమెరా ఉన్న భూతద్దం కింద ముందు పిల్ల వేలే పెట్టించి తెర మీద చూపించింది. గోట్లో మట్టి చూసి ఇద్దరూ ముక్కు మూసుకున్నారు. ఆ తర్వాత దుప్పటి కప్పి, చేయబోయేది ముందే చెప్పి చేసింది. పిచ్చుక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ ఏడవలేదు. అంత ఓపిక నాకు ఏ జన్మకీ రాదు.

అంతా అయ్యాక పిచ్చుక గొంతు తగ్గించి అడిగింది. "నేను పాడైపోయానా?"

"లేదు తల్లీ. ఒళ్ళంతా బాగుంది. నేను చూశాగా."

నా గుండె తేలికపడింది. వెంటనే గుబులూ పట్టుకుంది. గాయం లేదని తెలిస్తే బయట ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు.

బయటికొచ్చి డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే ఆవిడ నేననుకున్నట్టే అంది. "చూశారా? ఏమీ లేదంట! నేను చెప్పలేదూ?" మా చెల్లెలు గోడకి జారగిలబడిపోయింది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "గాయం లేదమ్మా. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఉండదు. అంతమాత్రాన ఏమీ జరగలేదని కాదు. రిపోర్టులో అదే రాశాను. రేపు కోర్టులో అడిగినా అదే చెబుతాను."

ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. నానమ్మ మొహం తిప్పేసుకుంది. పిచ్చుక మాత్రం సంబరంగా వెళ్ళి నానమ్మ మోకాళ్ళ మీద వాలింది.

"నానమ్మా, నేను పాడైపోలేదంట! డాక్టరమ్మ చూసి చెప్పింది."

"పాడైపోవడమేంటే? ఎవరన్నారు నీతో?"

"బాబాయి. ఎవరికైనా చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, నేను పాడైపోయానని అందరికీ తెలిసిపోతుంది అన్నాడు. అప్పుడు నువ్వు నన్ను ఇంట్లోంచి పంపించేస్తావన్నాడు."

 నానమ్మ పక్కనున్న ఫోను మోగింది. చిన్నకొడుకే, ఏం తేలిందో కనుక్కుందామని కాబోలు. అది మోగి మోగి ఆగిపోయేదాకా ఆవిడ దాని వంక చూడలేదు. పిచ్చుక మొహమే చూస్తూ కూర్చుంది.