మెత్తటి కౌంటరు

పరుపుల షాపు యజమానిని వీధిలో అందరూ మెత్తనయ్య అంటారు. మనిషిని చూసి పెట్టిన పేరు కాదు, షాపును చూసి పెట్టింది. బేరంలో ఆయన దగ్గర గోరంత సడలింపు దొరికినవాడు లేడు. షాపులో మాత్రం ఎక్కడ చెయ్యి పెట్టినా మెత్తగానే తగలాలి. అది వాళ్ళ నాన్న పెట్టిన కట్టుబాటు. వచ్చినవాడి మోచేతికి ఏదైనా గట్టిగా తగిలితే మన పరుపును కూడా అనుమానిస్తాడని ఆయన నమ్మకం. అందుకని కుర్చీలకే కాదు, కౌంటరు పైన కూడా దళసరి స్పాంజి వేయించి, రెగ్జిన్ తొడిగించాడు. రసీదు రాయాలంటే కింద అట్ట పెట్టుకోవాలి. ఆ ఇబ్బందిని మెత్తనయ్య నష్టం కింద జమ కట్టలేదు. మోచేతులు ఆనించిన గిరాకీ తొందరగా లేవదు, అది లాభం.

ఇప్పుడా కౌంటరు మీద కోడలి లాప్‌టాప్ కూర్చుంది.

కోడలు వచ్చాక షాపులో కొత్త పని మొదలైంది. గిరాకీ తన గది కొలతలు చెబితే, అందులో మన మంచం, పరుపు, కర్టెన్లు వేశాక ఎలా ఉంటుందో ఫోటో తీసినట్టు బొమ్మ చేసి చూపిస్తుంది. గీత గీసేంతవరకు యంత్రానికి తేలికే. కిటికీ వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎటు వాలాలి అని లెక్కగట్టి బొమ్మను పూర్తి చేసేటప్పుడే దాని మీద అసలు బరువు పడుతుంది. అప్పుడు లోపలి ఫ్యాను రొద పెడుతుంది, అడుగు కాలిపోతుంది, బొమ్మ సగంలో ఉండగా టక్కున ఆరిపోతుంది.

ఆ సాయంత్రం లాడ్జి యజమానురాలు వస్తానంది. లాడ్జి మొత్తానికి మంచాలూ పరుపులూ మార్చాలని ఆవిడ ఆలోచన. బొమ్మ చూస్తేగాని మాట ఇవ్వనని ముందే చెప్పింది.

"ఇవాళ కూడా ఇది మొండికేసిందంటే, తల్లీ, బొమ్మల పని కట్టేద్దాం. దీన్ని ఎవరికైనా అంటగట్టేసి, నువ్వు దిండు కవర్లు చూసుకుందువుగాని" అన్నాడు మెత్తనయ్య పొద్దున్నే. కోపంగా అనలేదు. అమ్ముడుపోని డిజైనును తిప్పి పంపేటప్పుడు కూడా ఆయన గొంతు అలాగే ఉంటుంది.

దిండు కవర్లు మడతపెట్టడానికి కోడలు ఈ విద్య నేర్చుకోలేదు. చేయగలిగిందంతా అప్పటికే చేసింది. చార్జరు మార్చింది, వేరే ప్లగ్గులో పెట్టింది, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసింది. ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మీదికి తిప్పింది.

"మావయ్యా, ఇంకోసారి రిపేరు అతనికి చూపిద్దాం."

"మొన్ననేగా చూశాడు!" అన్నాడు గాని, సంచిలో పెట్టుకుని ఇద్దరూ వీధి చివరికి వెళ్ళారు.

రిపేరు అతను నవ్వాడు. "మళ్ళీ వచ్చారా? లోపలి దూదంతా తీసేశాను కదండీ, చిన్న దిండు కుట్టించుకోవచ్చు. ఫ్యాను కడిగినంత పని చేశాను, వేడిని లాగే పేస్టు కొత్తది రాశాను."

"రాస్తే మరి ఎందుకు ఆగుతోంది?"

అతను ఇనప బల్ల మీద పెట్టి కోడలిని అదే బొమ్మ మొదలెట్టమన్నాడు. ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను అరిచింది, అరిచి సర్దుకుంది. బొమ్మ చివరిదాకా పూర్తయింది. పరీక్షకని చిన్న సైజులో చేసిన ఆ బొమ్మలో పరుపు మీది చారలు కూడా తెలియడం లేదు. గిరాకీకి చూపించడానికి పనికిరాదు.

"చూశారా? బుద్ధిగా ఉంది."

"నీ దగ్గర బుద్ధిగా ఉండి మా దగ్గర పేచీ పెట్టడమేంటయ్యా? పుట్టింటికొచ్చిన పిల్లా ఇది?"

"అత్తారింట్లో ఏం బాధ పెడుతున్నారో మీరే చూసుకోవాలండి."

కోడలు నవ్వు ఆపుకోవడానికి సంచి సర్దుకుంది. మెత్తనయ్యకు ఆ మాట ముల్లులా దిగింది.

షాపుకు తిరిగొచ్చి కౌంటరు మీద పెట్టి, పెద్ద సైజు బొమ్మ మొదలెట్టారు. టేబుల్ ఫ్యాను పైనుంచి గాలి కొడుతూనే ఉంది. బొమ్మలో లాడ్జి గది గోడలు తేలాయి, మంచం తేలింది. దిండ్లు తేలకముందే తెర నల్లబడింది.

మెత్తనయ్య కోడలి చేతుల వంక చూశాడు. యంత్రం అదే, పని దాదాపు అదే. అక్కడ నడిచింది, ఇక్కడ ఆగింది. తేడా ఈ పిల్ల చేతిలో ఉందేమో అనుకున్నాడు. అయితే అక్కడా ఈ చేతులేగా నడిపించాయి? ఆ లెక్క కుదరలేదు.

అంతలో పాత గిరాకీ ఒకతను భార్యతో వచ్చాడు. రాగానే కౌంటరు మీద మోచేతులు ఆనించి అందుకున్నాడు.

"ఏం పరుపండీ అది! తెల్లవార్లూ పెనం మీద పడుకున్నట్టుంది."

"ఈయన మాట వినకండి, గురక పెట్టి మరీ పడుకుంటున్నారు. నాకే నిద్ర లేదు" అంది భార్య.

మెత్తనయ్యకు ఇలాంటి ఫిర్యాదులు కొత్త కాదు. జవాబు నాలుక చివరే ఉంటుంది. "మీ మంచానికి కింద పట్టీలున్నాయా, పలకా?"

"పలకే. పైన రగ్గు కూడా పరిచాం, మెత్తగా ఉంటుందని."

"మరి ఆ తప్పు పరుపుదంటారేంటి? కింద గాలి ఆడకపోతే ఒంటి వేడి ఎటు పోతుందండీ? పైనుంచి మీరు ఎన్ని ఫ్యాన్లు తిప్పినా..."

మాట అక్కడే ఆగింది. పక్కన టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దాని ముందు లాప్‌టాప్, స్పాంజిలోకి దిగబడి, బాగా నిద్రపట్టిన మనిషిలా ఉంది. మెత్తనయ్య దాని అడుగుకు వేళ్ళు పోనివ్వబోయాడు. పోలేదు. అంచు ఎత్తి చూస్తే, గాలి పీల్చుకునే చిల్లులన్నీ రెగ్జిన్‌కు అతుక్కుని ఉన్నాయి.

"అమ్మాయ్, ఈ చిల్లులు ఎందుకు?"

కోడలు యంత్రాన్ని ఎత్తి చూసింది. తర్వాత మావగారిని చూసింది. "నేను వచ్చిన కొత్తలో చెక్క బల్ల అడిగాను, గుర్తుందా మావయ్యా?"

"మోచేతులు కుదరడం లేదని అడిగావు."

"మన షాపులో గట్టి బల్లా, అన్నారు మీరు."

ఆయన వీధికి కనిపించేలా అద్దాల వెనక నమూనాగా పెట్టిన మంచం దగ్గరకు వెళ్ళి, దాని మీది పరుపును ఒక్కడే లాగి గోడకు నిలబెట్టాడు. ఆ షాపు తెరిచాక ఉత్త మంచం గిరాకీ కంటపడటం అదే మొదలు. చెక్క పట్టీల మీద, చిల్లులు సందుల్లోకి వచ్చేలా కోడలు లాప్‌టాప్ పెట్టింది. నేల మీద కూర్చుని పని మొదలెట్టింది.

పాత గిరాకీ భార్య భర్త చెవిలో అంది, "చూడండి, దానికున్న సుఖం కూడా మనకి లేదు."

దిండ్లు తేలాయి. కర్టెన్ల మడతల్లో నీడ నిలిచింది. యంత్రం అరుస్తూనే ఉంది గాని, ఆరలేదు.

లాడ్జి యజమానురాలు వచ్చేసరికి బొమ్మ పూర్తయి ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, కర్టెన్ రంగు నచ్చలేదంది. ముదురు రంగు వేసి చూపించమంది. కోడలు రంగు మార్చి మళ్ళీ బరువు పెట్టింది. ఈసారీ ఆరలేదు.

"ఇలా అన్ని గదులకీ చేసివ్వగలరా?" అని అడిగిందావిడ. మెత్తనయ్య వైపు చూసి కాదు, కోడలి వైపు చూసి.

"చేస్తానండీ" అంది కోడలు.

ఆవిడ వెళ్ళాక మెత్తనయ్య కోడలికి క్షమాపణ చెప్పలేదు. ఆయన దగ్గర ఆ సరుకు ఉండదు. ఫోను తీసి, మంచాలు చేసే వడ్రంగికి కలిపాడు.

"పట్టీల మంచం ఒకటి కావాలి. చిన్నది. ఎత్తు మాత్రం బల్లంత ఉండాలి. కొలతలు మా కోడలు చెబుతుంది."

"ఎవరికండీ, చంటిపిల్లకా? పరుపు కొలత కూడా చెప్పండి, దానికి తగ్గట్టు చేస్తాను."

మెత్తనయ్య గొంతు తగ్గించి, ఎవరైనా వింటున్నారేమోనని షాపంతా ఓసారి చూసుకున్నాడు.

"పరుపు వద్దు" అన్నాడు.