రాసిచ్చేసిన మాటలు

పొద్దున్నే ఆ ఊరి చిన్న ఆస్పత్రి ఊడ్చే ఆయా చీపురుకి అక్షరాలు తగలడం మామూలే. అనుమతి లేకుండా జిరాక్స్ తీసిన కాగితాల్లోంచి దిగి, చీమల్లా బారుకట్టి హక్కుదారు ఇంటికి నడిచిపోతుంటాయి. "తప్పుకోండర్రా" అని వాటిని విసుక్కుంటూ ఆయా తన పని తాను చేసుకుపోయేది.

పక్క ఊళ్లో పురుళ్ల డాక్టరుగారు ఉన్నారు. కాన్పుల మీద రాసిన మొదటి పుస్తకానికి ఆయన హక్కు రాయించుకోలేదు. ఎవడికి వాడు తన పేరు వేసుకుని అచ్చేసుకున్నాడు. కష్టపడ్డవాడికి కడుపు మండదా? రెండో పుస్తకం హక్కులన్నీ పబ్లిషరుకి రాసిచ్చేశారు. పాఠం చెబుతుంటే రికార్డు చేసుకుపోతున్నారని, "రాతలోనూ నోటిమాటలోనూ" అన్న ముక్క తనే పట్టుబట్టి చేర్పించారు. పుస్తకం ధర చిన్న ఆస్పత్రులకి అందలేదు.

ఒక మధ్యాహ్నం డాక్టరుగారి కూతురికి ప్రయాణంలో నొప్పులొచ్చి, ఆ చిన్న ఆస్పత్రిలోనే కాన్పైంది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. నర్సు ఫోను చేసింది.

"డాక్టరుగారూ, మాకు తెలిసినవన్నీ చేశామండీ. మీ పుస్తకంలో రక్తం ఆపే కట్టేదో ఉందటగా, మా జిరాక్స్ కాపీలో ఆ పేజీ తెల్లగా ఉంది!"

"చెబుతా, రాసుకో అమ్మా" అని ఆయన మొదలుపెట్టారు. మాటలు పెదవి దాటగానే పబ్లిషరు ఇంటివైపు వెళ్లిపోయాయి.

"ఏమీ వినపడట్లేదండీ!"

మళ్లీ చెప్పారు. మళ్లీ పోయాయి.

"అయ్యో, వేరే మాటల్లో చెప్పండి బాబూ!"

వేరే మాటలా? ఏళ్ల తరబడి ఒక్కో వాక్యాన్నీ చెక్కి చెక్కి, ఇంతకన్నా బాగా ఎవడూ చెప్పలేడని మురిసిపోయిన మనిషాయె! "గుడ్డ... కాదమ్మా, ముందు చెయ్యి... ఇటు కాదు..." అంటూ తడబడ్డారు.

"నాన్నా, తొందరగా చెప్పు నాన్నా" అని వెనక నుంచి కూతురి గొంతు వినపడింది.

అక్కడ పబ్లిషరు అన్నం తింటుంటే మాటలు గుమ్మంలోంచి వచ్చి పళ్లెం చుట్టూ చేరాయి. "ఈయన ఎవరికో ఊరికే చెప్పేస్తున్నట్టున్నాడే!" అని గొణుక్కుని, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

చివరికి డాక్టరుగారికి మాటలు దొరికాయి. బట్టల మూట ఎలా బిగిస్తారో చెప్పినట్టు, వంకరటింకరగా, చెప్పిందే చెబుతూ మొత్తం చెప్పేశారు. ఒక్క మాట కూడా దారి తప్పలేదు.

"అర్థమైందా తల్లీ?"

నర్సు మంచం మీది దుప్పటి తలదాకా లాగి కప్పింది.

"రాసుకున్నానండీ" అంది. "ఇక ముందు వచ్చేవాళ్లకి పనికొస్తుంది."