నాగుల దేశం

సెలవు అయిపోయి మా తమ్ముడు కట్టయ్య మిలిటరీకి తిరిగి వెళ్తుంటే సంచి నేనే సర్దాను. ఉతికిన బనియన్లు, మురుకుల డబ్బా, అన్నిటికీ అడుగున ఈశ్వరి వేరు పెట్టాను. వాడు చూడనే చూశాడు.

"గీ వేరెందుకక్కా?"

"దీని వాసనకు పాములు రావురా. ఈసారి నాగాలాండ్‌ల వేసిండ్రంటివి గద. పేరులనే నాగులున్నయి."

కట్టయ్య పడిపడి నవ్వాడు. "సొంతంగ సదువుడు నేర్సి, పేపర్ల గిదా సదివినవ్? నాగాలంటే మనుషులే అక్కా. మాది వేరే దేశమని సర్కారు మీద తుపాకులు పట్టి అడివిల తిరుగుతాండ్లు."

"వాళ్లకు అక్కలుండరారా?"

"ఎందుకుండరు?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

"పాములకంటే వేరున్నది. మనుషులు రాకుండ నీకేం కట్టియ్యాల్రా?"

"ఫికర్ చెయ్యకు. జర జల్ది గానియ్, బండి పోతది" అని సంచి మూతి తానే బిగించుకున్నాడు.

కాజీపేటలో రైలెక్కించి వచ్చాను. ఆ మరుసటి ఏడు, 1979 ఫిబ్రవరిలో, బర్మా సరిహద్దు కొండల్లో నాగాలతో జరిగిన కాల్పుల్లో కట్టయ్య చనిపోయాడు.