ఈరమ్మ వంతు గంజి

కరువు సహాయ సంఘంలో పని నేర్చుకోవడానికి చేరిన మొదటి రోజే నన్ను కోడుమూరు గంజి కేంద్రానికి పంపారు. మంచం పట్టినవాళ్ల పేర్లు పిలిస్తే, వాళ్ల వంతు గంజిని ఇంటివాళ్లు ముంతలో తీసుకుపోతారు. అది రోగులకే అందుతోందో లేదో చూడటం నా పని.

"ఈరమ్మ" అని పిలవగానే ఆమె తండ్రి, నేతగాడు మద్దిలేటి, ముంత పట్టాడు. అతని వెనకే వెళ్లాను. వీధిలో చాచి కట్టిన పడుగుకు ఆ జొన్నగంజిని కుంచెతో పూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "బిడ్డ తాగాల్సిన గంజి నూలుకు పూస్తావా? సిగ్గు లేదూ?" అని అరిచాను.

మద్దిలేటి కుంచె ఆపలేదు.

"బిడ్డ మొన్ననే పోయింది సామీ. మీరు రోజూ దాని పేరు పిలుస్తారు కదా, ఆ పేరు ఇననీకి వస్తాండా. ఈ గంజి తాగుదామంటే గొంతు దిగల్యా. పారబోయనీకి చెయ్యి రాల్యా."

మర్నాడు పట్టీలో ఆ పేరు కొట్టేసి, మిగతావన్నీ పిలిచాను. మద్దిలేటి ముంత తేలేదు. ఆఖరి పేరు అయిపోయేదాకా వరసలో ఊరికే నిలబడి, వెళ్లిపోయాడు.