ఒకటి తర్వాతే రెండు

గేటుకు కొత్త తాళం వేలాడుతోంది.

బంక తన చంక కర్రల మీద వాలి దాన్ని ఇంకోసారి చూశాడు. పదకొండేళ్ళుగా ఈ గేటుకు ఉన్నది తుప్పు పట్టిన గొలుసు ఒక్కటే. ఇప్పుడు అరచేయంత ఇత్తడి తాళం తళతళలాడుతోంది. పక్కన గోడకు ఒక కాగితం అంటించారు. 'సోమవారం నాటి ప్రాక్టీసు స్థలం ఆటగాళ్ళకు ఫోను ద్వారా తెలియజేయడమైనది.'

అతని ఫోనుకు ఏమీ రాలేదు. టైము ఎనిమిదీ ఇరవై.

అతని అసలు పేరు క్లబ్బులో ఎవరికీ గుర్తులేదు. బంతి చేతికి తగిలితే చాలు అతుక్కుపోతుందని మొదటి సంవత్సరమే ఎవరో పెట్టిన పేరు అది. వయసు ముప్ఫై మూడు. గోల్‌కీపర్. మూడు వారాల కిందట ఒక మ్యాచిలో గాల్లోకి లేచి బంతిని పట్టుకున్నాడు గానీ దిగడం మాత్రం సవ్యంగా దిగలేదు. కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. అదే వారం క్లబ్బు చేతులెత్తేసింది.

ఆపరేషన్ గురువారం. ఆటలో తగిలిన దెబ్బకు వైద్యం క్లబ్బు బాధ్యతేనని ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందానికి ఇంకా రెండేళ్ళ గడువుంది. కానీ ఆస్పత్రి వాళ్ళకు యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. దెబ్బ తగిలి నెల దాటితే ఆ మోకాలు నడవడానికి పనికొస్తుంది గానీ దూకడానికి పనికిరాదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. దివాలా తీసిన క్లబ్బు తరఫున ఎవరు సంతకం పెడతారు?

దానికి జవాబు బంక భార్య వెతికింది. ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. కామా ఒకటి పక్కకు జరిగినా పట్టుకునే మనిషి. దివాలా వ్యవహారం చూడమని కోర్టు నియమించిన అధికారిణి క్లబ్బును ఒక కంపెనీకి అమ్మింది. ఆ అమ్మకపు ఉత్తర్వు నలభై పేజీలు. ఆదివారమంతా దాని ముందు కూర్చుని, సాయంత్రం టీ వేళకు ముప్ఫై ఒకటో పేజీ మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి. సోమవారం పొద్దున పదింటిలోగా, కంపెనీ చెప్పిన చోట పనికి హాజరైనవాళ్ళ పాత ఒప్పందాలన్నీ ఉన్నవి ఉన్నట్టు కంపెనీ నెత్తిన పడతాయి. రానివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మానేసినట్టు లెక్క. కుంటుతారో, పాకుతారో నాకు తెలీదు. పదిలోగా మీరు అక్కడుండాలి."

అక్కడంటే ఎక్కడో ఇప్పుడు తెలియడం లేదు.

కోచ్‌కు ఫోను చేశాడు. స్విచాఫ్. కెప్టెన్‌ ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండో గోల్‌కీపర్ మాత్రం ఎత్తాడు. బంక దగ్గరే గ్లౌజులు వేసుకోవడం నేర్చుకున్న మనిషి. కాసేపు నీళ్ళు నమిలి, గొంతు తగ్గించి, "నన్నడక్కన్నా. నీకు చెప్పినవాడి ఒప్పందం కూడా గల్లంతే అన్నారు" అని పెట్టేశాడు.

అంటే మర్చిపోవడం కాదు. ఇరవై ముగ్గురిలో ఇరవై ఇద్దరికి కబురు వెళ్ళింది. మోకాలు తెగిన ఒక్కడికి వెళ్ళలేదు.

రోడ్డు పక్కన వ్యానులో బావమరిది కూర్చున్నాడు. మంచినీళ్ళ క్యాన్లు ఇళ్ళకూ ఆఫీసులకూ వేయడం అతని పని. పొద్దున్నే బావను దింపి వెళ్దామని వచ్చినవాడు అంతా విని, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు.

"ఇప్పుడేం చేద్దాం బావా? ఇంటికెళ్ళి అక్కకి చెబుదామా?"

"మీ అక్కకి చెప్పేంత ధైర్యం నాకు లేదు. బండి తియ్యి."

"ఎక్కడికి?"

బంక అప్పటికే ఆలోచిస్తున్నాడు. ప్రాక్టీసు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బంతులు, జెండాలు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. కానీ కొత్త కంపెనీ ఇవాళ లీగుకు చూపించే ఫోటోల్లో ఆటగాళ్ళు క్లబ్బు చొక్కాల్లో ఉండాలి. ఆ చొక్కాలన్నీ శనివారం నుంచి ఒకే చోట ఉన్నాయి.

"పిన్ని దగ్గరికి."

క్లబ్బు బట్టలు ఉతికే ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. రెండు వీధుల అవతల ఆమె లాండ్రీ. లోపల పెద్ద డ్రమ్ము మెషీను గుడగుడలాడుతోంది. ఇస్త్రీ బల్ల మీద నుంచి ఆవిరి లేస్తోంది. క్లబ్బు చొక్కాలు వేలాడే తీగ ఖాళీగా ఉంది.

బంకను చూడగానే ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. ఏడింటికే ఎవరో వచ్చి మూటలు తీసుకెళ్ళారని చెప్పింది. ఎక్కడికని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆటగాళ్ళెవరికీ చెప్పొద్దని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళారట. చెబితే ఈ పని ఇంకో లాండ్రీకి పోతుందట. ఆమె మాట ఇచ్చిందట.

ఆమె చేత మాట తప్పించే హక్కు తనకు లేదనుకున్నాడు బంక. కర్రలు తిప్పి గుమ్మం వైపు నడవబోయాడు.

పిన్ని, అతని వెనకే లోపలికొచ్చిన బావమరిది వైపు తిరిగింది.

"బాబూ, నువ్వు బంతాట ఆడతావా?"

"క్యారమ్స్ కూడా రాదు పిన్నీ."

"అయితే నీకు చెప్పొచ్చు. మూతబడ్డ నూలుమిల్లు ఉంది చూడు, దాని వెనక గ్రౌండుకి పంపించాను. పక్కనోళ్ళు వింటే నాకు సంబంధం లేదు."

పక్కనున్నవాడు అప్పటికే వ్యాను మెట్టు మీద ఉన్నాడు.

తొమ్మిదీ అయిదు. నూలుమిల్లు ఊరికి ఆ కొసన ఉంది. దారిలో బంక దివాలా అధికారిణికి ఫోను చేశాడు. ఆమె గొంతులో జాలీ లేదు, విసుగూ లేదు. స్థలం చెప్పాల్సింది కంపెనీయేనని, అందరికీ చెప్పామని వాళ్ళు తనకు రాసిచ్చారని అంది. తనకు సాక్ష్యం ఒక్కటే: హాజరు రిజిస్టరు. అందులో అతని సంతకం ఉంటే ఒప్పందం గురించి తాను నిలబడుతుంది. లేకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదు.

"ఆ రిజిస్టరు మీ దగ్గరికెప్పుడు వస్తుందండీ?" అని అడిగాడు బంక.

సరిగ్గా పదింటికి ఫోటో తీసి పంపాలని చెప్పిందామె. కనీసం పద్దెనిమిది సంతకాలు ఉండాలి. లేకపోతే కంపెనీకి లీగులో చోటు రద్దు. ఆ చోటు కోసమే వాళ్ళు క్లబ్బును కొన్నారు.

బంక ఫోను జేబులో పెట్టుకుని, పద్దెనిమిది అని తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు.

రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. బావమరిది ఇంజను ఆపి, మళ్ళీ స్టార్టు చేసి, మళ్ళీ ఆపాడు. తొమ్మిదీ ఇరవై ఏడు. పెట్టె మీద పెట్టె తీరిగ్గా దొర్లుతోంది. బంక అరవై రెండు దాకా లెక్కపెట్టి మానేశాడు. గేటు లేచేసరికి తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది.

"వెనక్కెళ్ళి కూర్చో బావా" అన్నాడు బావమరిది, మిల్లు మలుపు తిరిగాక. "నీ మొహం వాళ్ళకి తెలుసు. నా మొహం ఎవరికీ అక్కర్లేదు."

బంక క్యాన్ల మధ్యకు జరిగాడు. మోకాలు చాపుకోవడానికి చోటు లేదు. పళ్ళు బిగబట్టి, కాలును రెండు చేతులతో ఎత్తి ఒక క్యాను మీద పెట్టుకున్నాడు. వ్యాను ఆగింది. గేటు దగ్గర గార్డు ఎవరని అడగడం వినబడింది.

"మంచినీళ్ళు" అన్నాడు బావమరిది.

"ఆర్డరు లేదే."

"శాంపిలు. నచ్చితేనే ఆర్డరు. లోపల ఇరవై మంది ఎండలో పరిగెత్తాలి, నీళ్ళు ఆపింది నువ్వేనని రాసుకోమంటావా?"

గేటు కిర్రుమంది.

తొమ్మిదీ యాభై ఒకటికి బంక వ్యానులోంచి దిగి కర్రలు చంకలో పెట్టుకున్నాడు.

గ్రౌండు నడిమధ్యలో ఒక బల్ల. దాని మీద రిజిస్టరు. వెనక కోచ్. పక్కన కొత్త కంపెనీ మేనేజరు, మెడలో కార్డు, నలగని చొక్కా. ఎదురుగా ఇరవై ఇద్దరు వరసగా నిలబడ్డారు. బంకను చూడగానే కొందరు నేల చూశారు. కెప్టెన్ మాత్రం ఆకాశం చూశాడు.

మేనేజరు ఎదురొచ్చాడు. జాబితాలో మీ నంబరు లేదన్నాడు. అయినా ప్రాక్టీసు చేయలేని మనిషి హాజరయ్యాడని ఎలా రాసుకుంటామన్నాడు.

"హాజరవడమంటే రావడమండీ. వచ్చాను. దూకి చూపించాలని ఉత్తర్వులో లేదు."

"మీరు బయట వెయిట్ చేయండి. పదిన్నరకి మాట్లాడదాం."

పదిన్నర అనడంలోనే మొత్తం విషయం ఉంది. బంక కదల్లేదు. మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళి, మొదలెట్టమని కోచ్‌కు సైగ చేశాడు.

కోచ్‌కు పేర్లు గుర్తుండవు. అందుకని హాజరు ఎప్పుడూ చొక్కా నంబరుతోనే. పిలిచిన నంబరువాడు గట్టిగా పలికి, వచ్చి సంతకం పెట్టాలి. ఒకటి బంకది. రెండు కెప్టెన్‌ది. కోచ్ రిజిస్టరు తెరిచి మేనేజరు మొహం చూశాడు.

"రెండు నుంచి" అన్నాడు మేనేజరు.

కోచ్ నోరు తెరిచేలోగా బంక గొంతెత్తాడు. గోల్ ముందు నిలబడి రక్షణ వరసకు వినబడేలా అరిచే గొంతు అది. ఇప్పుడు అరవలేదు. మామూలుగానే చెప్పాడు. అయినా గ్రౌండంతా వినబడింది.

"పదింటికి పద్దెనిమిది సంతకాలు అధికారిణిగారికి వెళ్ళాలట. వెళ్ళకపోతే కంపెనీకి లీగులో చోటు లేదట. ఇందాకే ఆవిడే చెప్పారు. నాకోసం ఏం చేయమనట్లేదు. మీకు తెలియాలని చెప్పాను, అంతే."

వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇన్నాళ్ళూ కంపెనీకి తాము అవసరమన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తమకే కంపెనీ అవసరమని మాత్రం రోజూ చెప్పారు.

"రెండు" అన్నాడు కోచ్.

జవాబు లేదు.

"రెండు."

కెప్టెన్ ఆకాశం మీంచి చూపు దించాడు.

"ఒకటి పిలవలేదు కదండీ" అన్నాడు నెమ్మదిగా. "ఒకటి తర్వాతే రెండు. నేను చదివిన బళ్ళో అలాగే చెప్పారు."

మేనేజరు తనే పిలిచాడు. "మూడు."

మూడో నంబరువాడు వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలెట్టాడు. వెనక నుంచి ఎవరో, "మూడు రెండు తర్వాతండీ" అన్నారు. ఒక చివర నవ్వు పుట్టింది. అది ఇంకో చివరకు పాకింది. రెండో గోల్‌కీపర్ నవ్వలేదు. అతను బంక వైపు చూసి, వెంటనే తల దించుకుని, చేతులు కట్టుకున్నాడు.

"అందరి ఒప్పందాలూ పోతాయి, తెలుసా?" అన్నాడు మేనేజరు.

"పోతే పోనివ్వండి" అన్నాడు కెప్టెన్. "మేం ఇంకో క్లబ్బు వెతుక్కుంటాం. మీరు ఇంకో పద్దెనిమిది మందిని ఆరు నిమిషాల్లో వెతుక్కోండి."

మేనేజరు ఫోను తీసుకుని దూరంగా నడిచాడు. అవతలివాళ్ళు ఏమన్నారో ఎవరికీ వినబడలేదు. అతను రెండుసార్లు "సార్" అనడం మాత్రం వినబడింది. వెనక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, రిజిస్టరు వైపు చెయ్యి ఊపాడు.

తొమ్మిదీ యాభై ఏడు.

"ఒకటి" అన్నాడు కోచ్. ఈసారి మేనేజరును అడక్కుండానే.

"ఒకటి" అన్నాడు బంక. బల్ల దాకా ముప్ఫై అడుగులు. గడ్డిలో కర్ర ఒకసారి దిగబడింది. సాయం పట్టబోయిన చెయ్యిని వద్దని నడిచాడు. సంతకం పెట్టి, పక్కనే టైము కూడా వేశాడు. వెనకే మిగిలినవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. ఫోటో వెళ్ళేటప్పటికి పదికి పదిహేను సెకన్లు తక్కువ.

బంక జేబులోంచి ఆస్పత్రి కాగితం తీసి మేనేజరు ముందు పెట్టాడు. మేనేజరు ఒక్కసారిగా ఎంతో మర్యాదస్తుడయ్యాడు. అవన్నీ తీరిగ్గా చూద్దామన్నాడు. కాలు నొప్పిగా ఉంటుంది కదా, ఇంటికెళ్ళి రెస్టు తీసుకోమన్నాడు.

బావమరిది బావ మోచేయి పట్టుకుని, మొదటిరోజే చెప్పకుండా వెళ్ళిపోయాడని రాయడానికి మేనేజరు పెన్ను సిద్ధంగా ఉందని చెవిలో ఊదాడు. బంకకు ఆ సంగతి ముందే తట్టింది.

"ప్రాక్టీసు ఎన్నింటిదాకండీ?"

"పన్నెండు."

"అయితే పన్నెండుదాకా ఉంటాను."

బావమరిది క్యాను ఒకటి బోర్లించి కూర్చోమన్నాడు. బంక కూర్చోలేదు. కూర్చుంటే కూర్చున్నాడనే రాస్తారు. కర్రల మీద గోల్ వెనక్కి వెళ్ళి, వలకు ఆనుకుని నిలబడ్డాడు. గోల్‌లో ఉన్నది పొద్దున ఫోను పెట్టేసినవాడు. అతని మెడ వెనక చెమట కారుతోంది.

"అన్నా, పొద్దున..."

"బంతి చూడు" అన్నాడు బంక. "ఎడమకి రెండడుగులు. మోకాళ్ళు వంచు. నీవి బాగానే ఉన్నాయిగా."

గంటన్నర పాటు ఆ గొంతు ఆగలేదు. ముందుకు రా, వెనక్కి పో, చేతులు పైకి, ఆ కోణం మూసెయ్. మోకాలు పొంగి ప్యాంటు బిగుసుకుంది. చంకల కింద తోలు ఒరుసుకుపోయింది. రెండుసార్లు కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి, రెండుసార్లూ వల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

పదకొండున్నరకు మేనేజరు గోల్ వెనక్కి తనే నడిచి వచ్చాడు. అధికారిణి దగ్గర నుంచి ఏదో ఫోను వచ్చినట్టుంది. చేతిలో స్టాంపు, పెన్ను ఉన్నాయి.

"ఆ ఆస్పత్రి కాగితం ఇటివ్వండి. సంతకం పెట్టేస్తాను."

బంక అటు తిరగలేదు. కెప్టెన్ మూల నుంచి బంతి కొట్టబోతున్నాడు.

"పన్నెండుకిస్తానండీ. ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను."